బేస్ గిటారు కూర్మారావును అమ్మేసిన వైనం

గురువారం పొద్దున్న పిన్నింటి కూర్మారావును అతని బేస్ గిటారు అమ్మకానికి పెట్టింది. సెకండ్ హ్యాండ్ వాద్యకారుల సైట్లో, విశాఖపట్నం విభాగంలో, ఒక తబలా ఆయనకీ, విడివిడిగా ఇవ్వబడరు అని రాసి ఉన్న ఇద్దరు నాదస్వరం అన్నదమ్ములకీ మధ్య ఆ ప్రకటన వచ్చింది.

'వాద్యకారుడు, మగ, నలభై దాటిన వయసు. ఇంట్లోనే వాడకం, స్టేజీ ఎక్కలేదు. ఇంతకుముందు కొన్ని గిటార్ల దగ్గర ఉన్నాడు, అన్నిటితోనూ మర్యాదగానే విడిపోయాడు. కుడిచేతి వేళ్ళు ఫుల్ కండిషన్. ఎడమ చిటికెన వేలు కొంచెం బద్ధకం, వాడుకలో సర్దుకుంటుంది. సముద్రానికి దగ్గర్లో ఉన్నా తుప్పు లేదు. అమ్మడానికి కారణం: వేరే సౌండు కోసం. టైంపాస్ చేసేవాళ్ళు ఫోన్ చేయవద్దు.'

దాన్ని మొదట చూసింది అతని భార్య నూకరత్నం. ఆమె మున్సిపల్ బళ్ళో లెక్కల టీచరు. చిక్కుడుకాయలు వలుస్తూ ఫోన్ చూస్తోంది.

"ఏవండీ, మిమ్మల్ని పెట్టేసింది," అంది.

కూర్మారావు బనీనుతోనే వచ్చి ఆమె భుజం మీదుగా చదివాడు. రెండోసారి కూడా చదివి, "ఆ ఫోటో ఏటి అలా తీసింది? పొట్ట అంతా కనిపిస్తన్నాది," అన్నాడు.

ఇందులో వింతపడవలసిందేమీ లేదు. బేస్ గిటారంటే నాలుగు లావు తీగల గిటారు. పాటలో అది ఉన్నంతసేపూ ఎవరికీ వినపడదు, ఆగిపోతే మాత్రం పాట చతికిలబడుతుంది. దాన్ని వాయించేవాళ్ళు ఏ మూల కలుసుకున్నా కాసేపటికి ఒక మాట అనుకుంటారు: సౌండు గిటారులో లేదు, వేళ్ళలో ఉంది. ఖరీదైనది కొనలేనివాడు దిగులుపడకుండా ఉండడానికి అనే మాట అది. కొనగలిగినవాడు కొనేశాక వినయం కోసం అనేదీ అదే. అన్న రోజు సాయంత్రమే ఇద్దరూ ఇంటికెళ్ళి ఫోన్లో కొత్త గిటార్లు చూసుకుంటారు, అది వేరే సంగతి.

గోడలకు తగిలించి ఉన్న గిటార్లు ఈ మాటను ఏళ్ళ తరబడి వింటూ వచ్చాయి. చివరికి ఒక పాత గిటారు వినియోగదారుల ఫోరంలో కేసు వేసింది. సౌండు వేళ్ళలోనే ఉన్నప్పుడు అసలు సరుకు ఎవరు, దాన్ని చూసి బేరమాడి ఎంచుకోవలసింది ఎవరు అని అడిగింది. వాద్యకారుల తరఫు వకీలుకు గొంతులో వెలక్కాయ పడింది. సౌండు గిటారులోనే ఉందంటే తన క్లయింట్లు ఇన్నాళ్ళూ అబద్ధాలాడినట్టు, వేళ్ళలో ఉందంటే కేసు పోయినట్టు. వాయిదా అడిగాడు, ఇవ్వలేదు. తీర్పు వచ్చింది, దాని వెనక జీవో వచ్చింది, ద్వారకానగర్లో ఒక స్వీట్ల షాపు పైన వాద్యకారుల బదిలీ కార్యాలయం వచ్చింది.

జనం ఒక వారం గొణిగి ఊరుకున్నారు. నిజానికి ఎవరికీ పెద్ద ఇబ్బంది కలగకుండానే రూల్సు రాశారు. అమ్ముడుపోయినవాడికి వాద్య సెలవు అని ఒకటి ఇస్తారు, జీతం ఇంటికి వస్తుంది, రేషను కార్డులో పేరు పోదు. అతన్ని కొన్న గిటారు ఎక్కడుంటే అక్కడ ఉండాలి, ఇంటివాళ్ళు శనివారాలు వచ్చి చూసిపోవచ్చు. సంగీత వాయిద్యాల షాపుల్లో ఇప్పుడు గిటార్లు స్టూళ్ళ మీద కూర్చుంటాయి, మనుషులు మెళ్ళో చీటీలతో వరసగా నిలబడతారు. షాపులవాళ్ళకేం తేడా పడలేదు. కమిషన్ అదే.

కూర్మారావు కరెంటాఫీసులో బిల్లుల సెక్షన్లో పనిచేస్తాడు. సరదాకి బేస్ వాయిస్తాడు అని అతని గురించి అందరూ అంటారు. సరిగ్గా చెప్పాలంటే సరదాకి బేస్ కొంటాడు, సరదాకి అమ్ముతాడు. ఒకదానికి అడుగు స్వరాల సౌండు చాలలేదు. ఒకటి భుజానికి బరువైంది. ఒకదాని మెడ లావు, చేతికి ఇమడలేదు. ఇంకొకదానికి ఏ లోపమూ కనిపెట్టలేక రంగు బాగాలేదని అమ్మేశాడు. గరుకు తీగలు బిగించి నునుపువి బాగుండేవనుకోవడం, నునుపువి బిగించాక చచ్చు సౌండని మళ్ళీ గరుకువి తెప్పించడం అతనికి నిత్యకృత్యం. అమ్మేటప్పుడు ప్రతి ప్రకటనలోనూ, ఇంట్లో మనిషిలా చూసుకున్నాను అని రాసేవాడు. ఇంట్లో మనుషులు ఆ వాక్యం చదివి ఏమీ అనేవారు కాదు.

ఇప్పుడున్న ఈ గిటారును తునిలో ఒక చర్చి వాద్యకారుడి దగ్గర కొన్నాడు. అంచుల్లో నలుపు, మధ్యకి వచ్చేసరికి బెల్లం పాకం రంగు. దాన్ని ఒళ్ళో పెట్టుకున్న మొదటి సాయంత్రం ఇదే ఆఖరిది అన్నాడు. అంతకుముందు చాలాసార్లు అన్న మాటే అయినా ఈసారి నిజంగానే అనిపించింది. దానిమీద ప్రేమ పుట్టింది. అందులో వెటకారం ఏమీ లేదు, ప్రేమే.

అతనికి ఇద్దరు మిత్రులున్నారు. తవిటినాయుడికి కంచరపాలెంలో పరుపుల కొట్టు ఉంది, డ్రమ్స్ వాయిస్తాడు. డేవిడ్ రాజు రైల్వేలో గార్డు, చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఆదివారం సాయంత్రాలు ముగ్గురూ పరుపుల గోడౌన్లో కలుస్తారు. గోడల నిండా పరుపులు నిలబెట్టి ఉంటాయి కాబట్టి ఎంత వాయించినా వీధిలోకి వినపడదు. రైల్వే గేటు దగ్గర ఆగిపోయినవాళ్ళ మీద వాళ్ళు సొంతంగా ఒక పాట కట్టుకున్నారు. ఏళ్ళుగా అదే పాట. ఒక్కసారైనా చివరిదాకా పోలేదు. రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి కూర్మారావు చెయ్యెత్తి, ఆగండ్రా, సౌండు సరిగా లేదు అంటాడు. వంగి బిరడాలు తిప్పుతాడు, వైరు మారుస్తాడు. ఈలోగా పరుపు కొనడానికి ఎవరో వస్తారు, తవిటినాయుడు డ్రమ్ముల మీంచి లేస్తాడు. ఆ పాటను ఒకసారి పూర్తిగా వాయించాలని కూర్మారావుకు కోరిక. బతుకులో వేరే పెద్ద కోరికలేం లేవు.

ప్రకటన చూశాక అతను ముందుగదిలోకి వెళ్ళి ఆంప్లిఫయర్ ఆన్ చేశాడు. గిటారు స్టాండు మీదే ఉంది. ఆంప్లిఫయర్ ఉంటేనే అది మాట్లాడగలదు, గొంతు కొంచెం కింది స్థాయిలో ఉంటుంది.

"నేనేటి తప్పు చేసేను?" అన్నాడు.

"తప్పని కాదండీ. మీరు మంచివారు, శుభ్రంగా చూసుకున్నారు. సౌండే నాకు కావలసినట్టు రావడం లేదు."

"నీకే సౌండు కావాలి?"

"చెప్పలేనండీ. వింటే తెలుస్తుంది."

షాపుల్లో గిటార్లు చూసినప్పుడల్లా కూర్మారావు సేల్స్ మనిషితో అనే మాట అది. అతను ఆఫీసుకెళ్ళాక గిటారు టాబ్లెట్లో పరాయివాళ్ళ వేళ్ళ వీడియోలు చూస్తోందని నూకరత్నం ఇదివరకే చెప్పింది. వయసొచ్చిన వాయిద్యం, చూసుకోనీ అని అతనే తేలిగ్గా తీసుకున్నాడు.

"నిన్ను ఆఖరిదనుకున్నాను," అన్నాడు.

"నేనూ మిమ్మల్ని అలాగే అనుకున్నానండీ," అంది గిటారు. అబద్ధం చెబుతున్నట్టు లేదు.

చూడ్డానికి మొదట వచ్చింది గాజువాక నుంచి ఒక ఐదు తీగల గిటారు. దాన్ని వీపునా, దాని చిన్న ఆంప్లిఫయర్‌ను చేతిలోనూ మోసుకొచ్చినవాడు దాని ప్రస్తుత వాద్యకారుడే. కుదిరితే అతన్ని ఇక్కడ వదిలేసి కూర్మారావును తీసుకుపోవాలని, పైన కొంత కలిపిస్తానని ఆ గిటారు ఆలోచన. ఆ మనిషి డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. సోఫా అంచున కూర్చుని, ఇక్కడ నీళ్ళు ఎప్పుడొస్తాయమ్మా అని నూకరత్నాన్ని అడిగాడు. ఆమె ఇద్దరికీ టీ ఇచ్చింది.

ఐదు తీగలది నిదానస్థురాలు. కూర్మారావు వేళ్ళు ఒక్కొక్కటీ వంచి చూపించమంది. బొటనవేలు విరిచి చూపించమంది. గోడకు ఆనించి నిలబెట్టి వీపు మీద స్కేలు పెట్టించింది.

"మెడ ముందుకు వంగింది," అంది.

"ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటారు కదండీ. చిన్న అడ్జస్ట్‌మెంట్‌తో పోతుంది," అంది కూర్మారావు గిటారు.

"ఆ ఖర్చు మీరు పెట్టుకోవాలి మరి. గుర్రు శబ్దం ఉందా?"

"ఎడమవైపు తిరిగి పడుకుంటే రాదు."

"చెప్పేరు కదాని నమ్మేయడమే," అంది ఐదు తీగలది. ప్రకటనలో ఉన్నదానికి సగం రేటు అడిగింది. కూర్మారావు గిటారుకు చిన్నతనమనిపించి, ఆ రేటుకి కాలేజీ కుర్రాడు కూడా రాడండీ అంది. ఆలోచించుకుని ఫోన్ చేస్తామని గాజువాక గిటారు వెళ్ళిపోయింది. అలా అన్నవాళ్ళు ఫోన్ చేయరని అమ్మకాలతో పరిచయం ఉన్నవాళ్ళందరికీ తెలుసు. డ్రిల్లు మాస్టారు మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి ఇంటిని ఒకసారి చూసుకున్నాడు.

ఆ తర్వాత మెసేజులే గానీ మనుషులు రాలేదు, గిటార్లూ రాలేదు. ఉన్నాడా అని అడుగుతారు. ఉన్నాడు అంటే మళ్ళీ పలకరు. ఫైనల్ ఎంత అని కనీసం నమస్కారం కూడా లేకుండా ఒకరు. వైరూ బ్యాగూ కూడా ఇస్తారా అని తాడేపల్లిగూడెం నుంచి ఒకరు. ఎడమ చెయ్యి ఒక్కటే ఇస్తారా అని ఒకరు అడిగితే, విడిభాగాలుగా ఇవ్వబడడు అని గిటారు ప్రకటన కింద కలపాల్సి వచ్చింది.

అమ్ముడుపోతానేమోనని ఒకవైపు భయం, ఇంకా అమ్ముడుపోలేదేమని ఇంకోవైపు నామోషీ, కూర్మారావు సతమతమయ్యాడు. ఆఫీసులో పక్క సీటువాడు, ఏమండీ ఏమైనా కదిలిందా అని రోజూ పరామర్శించేవాడు. వాడి బావమరిది వయొలిన్ వాద్యకారుడు, పెట్టిన పూటే అమ్ముడుపోయాడు.

"దాన్ని వాయించండి అసలు," అంది నూకరత్నం ఒక సాయంత్రం. "కొన్న దగ్గర్నించీ తుడవడం, తీగలు మార్చడం, ఫోటోలు తియ్యడం. వాయించిందెప్పుడు? ఈ మనిషి పనికొస్తాడని దానికి తెలిస్తే కదా ఉంచుకుంటాది."

ఆ మాట అతనికి సూటిగా తగిలింది. ఆ రోజు నుంచి ఆఫీసు నుంచి రాగానే చొక్కా కూడా మార్చకుండా గిటారు పట్టుకునేవాడు. బిరడాల జోలికి పోలేదు. సౌండు ఎలా ఉంటే అలాగే ఉండనిచ్చాడు. కొత్త గిటార్ల గ్రూపుల్లోంచి తప్పుకున్నాడు, సౌండు మార్చే పెడళ్ళన్నీ అట్టపెట్టెలో పడేశాడు. ముందు వేళ్ళు బొబ్బలెక్కాయి, తర్వాత ఆ బొబ్బలు ఎండి గట్టిపడ్డాయి. చిటికెన వేలు బద్ధకం వదిలింది. తన వేళ్ళ కింద తీగ ఎలా ఊగుతోందో అతను ఇన్నేళ్ళకు మొదటిసారి విన్నాడు. ఎక్కడ వాయించాలో కంటే ఎక్కడ ఊరుకోవాలో తెలిసింది. అతను ఇంటికొచ్చే వేళకి గిటారు తనే శ్రుతి సరిచేసుకుని ఉండేది.

ఒక ఆదివారం పరుపుల గోడౌన్లో రెండో చరణం వచ్చింది. తవిటినాయుడు అలవాటు కొద్దీ పుల్లలు ఎత్తి ఆగబోయాడు. కూర్మారావు చెయ్యెత్తలేదు. కళ్ళు మూసుకుని కిందనుంచి పాటను మోస్తూ వెళ్ళిపోయాడు. డేవిడ్ రాజు కంగారుగా మూడో చరణంలోకి వెళ్ళాడు, ఎప్పుడూ వాయించని చోటు కదా, ఒకటి రెండు తప్పులు పోయాయి. గేటు లేస్తుంది, ఆగినవాళ్ళందరూ కదులుతారు, అక్కడ పాట అయిపోవాలి. అయిపోయింది.

తవిటినాయుడు పుల్లలు డ్రమ్ము మీద పెట్టాడు.

"అయిపోనాదేటి?" అన్నాడు తవిటినాయుడు.

"అయిపోనాది," అన్నాడు డేవిడ్ రాజు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

కూర్మారావు గుండె నిండిపోయింది. మళ్ళీ వాయిద్దామన్నాడు. మళ్ళీ వాయించారు. పరుపు కోసం వచ్చిన దంపతులు కొనడం మర్చిపోయి గుమ్మంలో నిలబడి విన్నారు. స్కూటరు మీద ఇంటికి వస్తూ, ఇంక నన్నెందుకు అమ్ముతాది అనుకున్నాడు. వీపు మీద గిటారు బరువు తెలియలేదు.

సోమవారం పొద్దున్న ప్రకటనలో రేటు మూడింతలైంది. కింద, గిటారు చడీచప్పుడు లేకుండా తీసుకున్న నిన్నటి పాట రికార్డింగు జతచేసి ఉంది.

అతను ఆంప్లిఫయర్ ఆన్ చేశాడు. గిటారే మాట్లాడింది.

"నిన్నటి సౌండు విన్నాక పాత రేటుకి ఇవ్వడమంటే మిమ్మల్ని అవమానించడమేనండీ, రావుగారూ. నాకే మనసొప్పలేదు."

"అంత బాగుంటే ఉంచేసుకోవచ్చు కదా."

"అనుకున్నాను. నిన్న దారంతా అదే అనుకున్నాను. కానీ మార్కెట్ ఇప్పుడు పైన ఉంది. తర్వాత ఇంత రాకపోతే ఇద్దరం బాధపడతాం."

కూర్మారావుకు ఏడుపొచ్చింది. అదే సమయంలో మూడింతలన్న మాట లోపల ఎక్కడో కమ్మగా తగిలింది. వంటింట్లోకి వెళ్ళి నూకరత్నంతో మొదట రేటు సంగతే చెప్పాడు.

ఈసారి బేరం తిన్నగా వచ్చింది. సిరిపురంలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఉండే గిటారు అది. చేత్తో చేసిన రకం, చెక్క మీద నీళ్ళలో అలల్లా గీతలు. కారు వెనక సీట్లో బెల్టు పెట్టుకుని వచ్చింది, మోసేవాడు వేరే, చిన్న ఆంప్లిఫయర్ పట్టుకునేవాడు వేరే ఉన్నారు. గుమ్మంలోంచే కూర్మారావును చూసింది. అతను వాయించి చూపించడానికి సర్దుకుని కూర్చున్నాడు.

"వద్దండీ వద్దు. అరుగుదల ఎందుకు?" అంది మెత్తగా. "రికార్డింగు విన్నాం. చాలు."

బేరం ఆడలేదు. అడిగినంతా ఇచ్చింది.

బదిలీ కార్యాలయంలో సూపరింటెండెంటు గొర్లె ఆదిబాబు. కింద స్వీట్ల షాపులో బూందీ వేయిస్తున్న వాసన ఆఫీసంతా నిండి ఉంది. ఆయన కూర్మారావు వేలిముద్రలు తీయించి, ఏవైనా అభ్యంతరాలున్నాయా అని అడిగాడు. ప్రతివాడినీ అడుగుతాడు.

"అభ్యంతరమని కాదండి. ఆదివారాలు వాయిస్తానికి పంపుతారా?" అన్నాడు కూర్మారావు.

ఆదిబాబు రూల్సు పుస్తకం తిరగేశాడు. ఓపిక గల మనిషి, వెనక ఉన్న సవరణలు కూడా చూశాడు.

"వాద్యకారుడు వాయించాలని ఎక్కడా లేదండి. చెడిపోకుండా చూసుకోవాలని ఉంది," అన్నాడు.

పాకం రంగు గిటారు వీడ్కోలప్పుడు బాధపడింది. ఆ బాధ నిజమైనదే. కూర్మారావు కూడా ఇదివరకు అమ్మిన ప్రతి గిటారు దగ్గరా నిజంగానే బాధపడి, ఆ చేత్తోనే కొత్తదాని పెట్టె విప్పాడు. గిటారు అప్పటికే భీమిలి నుంచి ఒక ఇంజనీరింగ్ కుర్రాడికి అడ్వాన్సు ఇచ్చింది. బొటనవేలితో తీగల మీద దరువేయడంలో అతనికి మంచి పేరు. శుక్రవారానికల్లా ఆ కుర్రాడు ముందుగదిలో దిగాడు, నూకరత్నం అతనికి కూడా బియ్యం పొయ్యడం మొదలుపెట్టింది.

సిరిపురం ఫ్లాటులో హాలంతా వాద్యకారులే. నడుముకూ భుజాలకూ మెత్తటి పట్టీలు కట్టి, నేలకు జానెడు ఎత్తున గోడలకు తగిలిస్తారు. నొప్పేమీ ఉండదు. ఏసీ ఉంటుంది, గాలిలో తేమ ఎంతుందో చూసే మిషను ఉంటుంది, భోజనం వేళకి దింపుతారు. మెత్తటి గుడ్డతో చేతులు తుడుస్తారు. కూర్మారావుకు కిటికీ పక్క కొక్కెం ఇచ్చారు. ఎడమవైపు కాకినాడ నుంచి వచ్చిన మత్తు డాక్టరు సుగుణమణి, కుడివైపు నేవీ బ్యాండులో చేసి వచ్చిన పొన్నాడ వీర్రాజు. ఇద్దరూ మర్యాదస్తులు.

మొదట్లో అతను తోచక తొడ మీద వేళ్ళతో పాట వాయించుకునేవాడు.

"అలా కదపకండి," అంది సుగుణమణి. "మీ విలువంతా అక్కడే ఉంది."

"మరి వాయించరేటండి మనల్ని?"

"నేనొచ్చాక ఎవర్నీ వాయించలేదు. వాయిస్తే వాడినట్టవుతుంది కదా."

అతను వీర్రాజు వైపు చూశాడు. వీర్రాజు వివరంగా చెప్పాడు. ఆయనకు భోగాపురం వైపు ప్లాటు ఉంది. కొన్న రోజు చూశాడు, మళ్ళీ చూడలేదు. అందులో ఇల్లు కట్టే ఉద్దేశం ఆయనకు లేదు, ఆ ప్లాటుకీ ఉన్నట్టు తోచదు. ఏడాదికేడాది పెరుగుతూనే ఉంది. దాన్ని చూసి తను చాలా నేర్చుకున్నానని చెప్పాడు.

చుట్టపు గిటార్లు ఏవైనా వస్తే యజమాని గిటారు ఒక్కొక్కరినీ పరిచయం చేసేది. కూర్మారావు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగేది. "ఇతను జన్మలో ఒకే ఒక్క పాట పూర్తిగా వాయించాడు. తర్వాత ముట్టుకోనివ్వలేదు," అనేది. వచ్చినవి తీగలు బిగబట్టి చూసేవి. సోమవారాలు అందరి రేట్లూ చదివి వినిపించేవారు. కూర్మారావు మొదటి సోమవారం తల తిప్పుకున్నాడు. తర్వాత విన్నాడు. ఆ తర్వాత ఆదివారం నుంచే ఎదురుచూడసాగాడు. ఆదివారం సాయంత్రం ఏం చేసేవాడో గుర్తులేక కాదు. గుర్తుంది. అయితే పరుపుల గోడౌను తలుచుకుంటే వేళ్ళు వాటంతటవే కదిలేవి, కదపకూడదు కాబట్టి తలుచుకోవడం తగ్గించాడు.

వేసవి సెలవులయ్యాక ఒక శనివారం నూకరత్నం వచ్చింది. ఎప్పుడూ వచ్చేలా కాకుండా కొత్త చీర కట్టుకుంది, మొహం వెలిగిపోతోంది. చేతిసంచీ ఇంకా కింద పెట్టకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"ఆ గుంటడు కుదరలేదండీ. టపాటపా కొట్టడమే గానీ పక్కవాళ్ళు ఏటి వాయిస్తన్నారో వినడట. వాడినీ పెట్టేసింది. మీరే కావాలంటన్నాది. రోజూ మీ రికార్డింగే పెట్టుకుని వింటన్నాది, పాపం. మిమ్మల్ని అమ్మిన దానికి పైన కలిపి ఇస్తానన్నాది. తవిటినాయుడన్నయ్య, డేవిడ్ రాజన్నయ్య కూడా తలో కొంత వేస్తామన్నారు. నా చీటీ పాట కూడా వచ్చింది. వచ్చే ఆదివారానికి ఇప్పట్నించే గోడౌన్లో డ్రమ్ములు సర్దీసి ఉంచేరు. మీరు ఊఁ అంటే ఆదిబాబు గారు సోమవారం కాగితాలు చేస్తారట. అమ్ముడుపోయిన మనిషి ఒప్పుకుంటే యజమాని కాదనకూడదట, అడిగొచ్చేను."

కూర్మారావు అంతా విన్నాడు.

"మొత్తం ఎంతవుద్ది?" అన్నాడు.

ఆమె చెప్పింది. అతను కిటికీ వైపు చూసి కాసేపు లెక్క వేసుకున్నాడు.

"మొన్న సోమవారం రేటుకే అది తక్కువ, రత్నం. ఇప్పుడిచ్చేస్తే నష్టం."

"ఎవరికండీ నష్టం?"

దీనికి సమాధానం ఉండే ఉంటుందని అతనికి అనిపించింది. అటూ ఇటూ చూశాడు. సుగుణమణి కళ్ళు మూసుకుని ఉంది. వీర్రాజు, తొందరపడకండి అన్నట్టు తలాడించాడు.

"ఇంకో రెండేళ్ళాగితే డబులవుద్దంటన్నారు," అన్నాడు.

నూకరత్నం బళ్ళో పిల్లల చేత ఎన్నో లాభనష్టాల లెక్కలు చేయించిన మనిషి. నోటితో ఏదో లెక్కపెట్టబోయి మానేసింది.

"మీకు రావాలని లేదేటి?"

"ఉంది. రోజూ ఉంటాది," అన్నాడు కూర్మారావు. "రావాలనుండడం వేరు, రేటు వేరు కదా."

ఆమె లేచి అతని దగ్గరికి వచ్చింది. గోడ మీద కొంచెం ఎత్తులో ఉన్నాడు కాబట్టి మునివేళ్ళ మీద నిలబడి అతని కుడిచెయ్యి పట్టుకోబోయింది. కూర్మారావు చేతిని వెనక్కి తీసుకున్నాడు. విసురుగా కాదు, చాలా జాగ్రత్తగా.

"ముట్టుకోకు రత్నం. చెమట తగిలితే కండిషన్ పోద్ది," అన్నాడు.

నూకరత్నం తన అరచెయ్యి చూసుకుని కొంగుతో తుడుచుకుంది. తడేమీ లేదు. మళ్ళీ చాపలేదు. సంచీ తీసుకుని, అన్నం వేళకి తింటన్నారు కదా అని అడిగింది. తింటున్నానన్నాడు. సుగుణమణికీ వీర్రాజుకీ కూడా నమస్కారం పెట్టి బయటికి వచ్చింది.

లిఫ్టు దగ్గర కాపలా మనిషి వచ్చిపోయేవాళ్ళ పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు.

"కొనడానికొచ్చేరా అమ్మా, చూడ్డానికేనా?" అన్నాడు.

"చూడ్డానికే," అంది నూకరత్నం.

అతను అలాగే రాసుకుని లిఫ్టు తలుపు తీశాడు.